వేలికంటిన మాట

బెండకాయంటే ఇష్టంలేని అమెరికన్లను ఎందుకని అడిగితే ఎక్కువమంది నోట వచ్చే మాట స్లైమీ. ఆ మాట పడ్డాక బెండకాయ తరఫున వాదించడానికి ఇంకేమీ మిగలదు. తినే వస్తువును మెచ్చుకుంటూ ఇంగ్లీషులో స్లైమీ అనరు. మన వంటింట్లో అదే కాయ తరుగుతుంటే కత్తికీ వేలికీ మధ్య సాగే తీగను జిగురు అంటాం. జిగురు తిట్టు కాదు. చెట్టు బెరడు మీద ఊరేదీ జిగురే, కవరు అంటించేదీ జిగురే. కాయలు ముందే కడిగి, బట్టతో తుడిచి, తడి ఆరాక తరిగితే జిగురు తక్కువ వస్తుందని, చింతపండు పులుసు తగిలితే ఇంకా తగ్గుతుందని ఒకరికొకరు చెప్పుకుంటాం. అమెరికాలోనే లూసియానా రాష్ట్రంలో గంబో అనే వంటకం ఉంది. అది చిక్కబడటానికి బెండకాయ వేస్తారు. గంబో అన్న పేరు కూడా ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చిందే. ఆ వంట చేసేవాళ్ళకు కావలసింది సరిగ్గా ఆ గుణమే, దాన్ని వాళ్ళు చిక్కదనం అంటారు. కాయ ఒకటే, నీళ్ళు తగలగానే సాగే పదార్థమూ ఒకటే. మాట మారేసరికి ఒకచోట కుండలో పడింది, ఇంకోచోట పళ్ళెం అంచుకు చేరింది.

ఇంగ్లీషులో ఇలాంటి మాటలు ఒక గుంపుగా ఉన్నాయి. స్లైమీ, స్టికీ, గూయీ, గమ్మీ, ట్యాకీ, గ్రీజీ, క్లామీ, సాగీ, మషీ, గ్రిటీ. దేని అర్థం కోసం నిఘంటువు తెరిచినా అది పక్కదాని పేరు చెప్పి పంపిస్తుంది. 1852లో పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు ఇంగ్లీషు మాటలను భావాల వారీగా పేర్చి తన థెసారస్‌ను అచ్చువేసినప్పుడు వీటికీ గదులు కేటాయించాడు. సగం ద్రవంగా ఉండేవి ఒకచోట, గుజ్జుగా ఉండేవి ఒకచోట, జిడ్డుగా ఉండేవి ఇంకోచోట. ఒకే గదిలో ఉన్నవాటి మధ్య తేడా ఏమిటో ఆ పుస్తకం చెప్పదు, చెప్పడం దాని పని కాదు. ఆ పని రాసేవాడికే మిగిలింది.

నాకు ఈ పని మీద మక్కువ ఎక్కువ. అందమైనదానికి తగిన మాట కోసం ఎంతైనా వెతుకుతారు. ఒళ్ళు జలదరింపజేసేదాన్ని మాత్రం ఛీ అని వదిలేస్తారు. ఛీ అన్నచోట చూపు ఆగిపోతుంది. మన ఆలంకారికులు అలా వదిలెయ్యలేదు. జుగుప్సను స్థాయీభావాల్లో ఒకటిగా లెక్కపెట్టి, బీభత్సాన్ని శృంగార వీరాల సరసనే కూర్చోబెట్టారు. అది కూడా మనిషికి నిజంగా కలిగే అనుభవమేనని, దాన్నీ శ్రద్ధగా చెప్పవచ్చునని వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ శ్రద్ధ ఈ చిన్న చిన్న ఇంగ్లీషు విశేషణాల ఎంపికలో కూడా ఉండాలని నా కోరిక.

ఈ మాటలు వస్తువును వర్ణిస్తున్నట్టు కనిపిస్తాయి. కాస్త ఆగి చూస్తే ఒక్కొక్కటీ ఒక తాకిడి గురించి చెబుతుంది. ఒంట్లో ఎక్కడ తగిలింది, తగిలి ఎంతసేపుంది, వదిలాక ఏం మిగిలింది, తగలకముందు మనం అక్కడ ఏం ఉంటుందనుకున్నాం. పట్టుకుని వదలనిది స్టికీ. జారిపోయినట్టే ఉండి వెనక ఒక పొర మిగిల్చేది స్లైమీ. పాచిపట్టిన మెట్టు మీద కాలు నిలవదు, తీసి చూస్తే అరికాలికి ఏదో అంటుకునే ఉంటుంది. గూయీ స్టికీకి దగ్గర బంధువే కానీ ఇష్టం కలిసిన మాట, లోపల కరిగిన చాక్లెట్ ఉన్న కేకును గూయీ అంటే మెచ్చుకున్నట్టే. గమ్మీ పళ్ళకు తెలిసేది. ట్యాకీ చేతిపనుల వాళ్ళ మాట. సగం ఆరిన రంగు మీద వేలు పెడితే అంటీ అంటనట్టు ఉంటుందే, అది. పెయింటరుకు అందులో అసహ్యం ఏమీ లేదు, ఇంకాసేపు ఆగాలని తెలుస్తుంది, అంతే. అచ్చు పనివాళ్ళు సిరాకున్న ఇదే గుణాన్ని ట్యాక్ అంటారు, దాన్ని కొలవడానికి యంత్రం కూడా ఉంది. పనిచేసే చేతికి ఈ మాటల్లో నింద వినిపించదు. ఆ గుణంతో ఏ పనీ లేకుండా దాన్ని ముట్టుకోవలసి వచ్చినవాళ్ళకే వినిపిస్తుంది.

స్లైమీ, స్టికీ ఒకదానికొకటి ఎదురు అనిపిస్తాయి. ఒకటి జారుడు, ఇంకొకటి అతుకు. నత్త ఈ రెంటినీ ఒకే పాదం కింద ఉంచుకుంటుంది. పసిఫిక్ తీరపు అడవుల్లో గుల్ల లేని పసుపుపచ్చని నత్త ఒకటి ఉంటుంది, బనానా స్లగ్ అంటారు. దాని పాదం కింది జిగురును మార్క్ డెన్నీ అనే శాస్త్రవేత్త పరిశీలించి 1980లో ప్రచురించాడు. తక్కువ బలం పడినంతసేపు ఆ జిగురు గట్టిగా ఉండి నేలను పట్టుకుంటుంది. ఒక హద్దు దాటి బలం పడితే ద్రవమై జారనిస్తుంది. బలం తగ్గగానే మళ్ళీ గట్టిపడుతుంది. పాదంలో ఒక భాగం అతుక్కుని ఉండగా ఇంకో భాగం ముందుకు జారుతుంది, అలా గోడ కూడా ఎక్కుతుంది. పదార్థానికి స్లైమీ, స్టికీ అన్న భేదం లేదు. ఎంత బలంతో తాకామన్నదాన్ని బట్టి ఆ భేదం పుడుతోంది. ఈ సంగతి తెలిశాక ఆ రెండు మాటల్లో ఒకటి ఎంచుకోవడం నాకు ఇంకా ముఖ్యమైన పనిగా తోచింది. ఎంచుకున్న మాట తాకినవాడి చేతిని కూడా పట్టి ఇస్తుంది.

ఈ ఎంపిక వల్ల ఇరవయ్యో శతాబ్దపు పెద్ద తత్వగ్రంథం ఒకటి ఇంగ్లీషు పాఠకులకు ఒక ప్రత్యేకమైన రంగులో అందింది. జాఁ పాల్ సార్త్ర్ 1943లో ఫ్రెంచిలో ప్రచురించిన బీయింగ్ అండ్ నథింగ్‌నెస్ చివరి భాగంలో విస్క్యూ అనే గుణం మీద చాలా పేజీలు ఉన్నాయి. ద్రవమూ కాదు, ఘనమూ కాదు. ముట్టుకుంటే లొంగినట్టే ఉంటుంది, వదిలించుకుందామంటే అదే మనల్ని పట్టుకుంటుంది. నేను దాన్ని సొంతం చేసుకుంటున్నానా, అది నన్ను సొంతం చేసుకుంటోందా అన్న భయం అక్కడ పుడుతుందంటాడు. చెంచా నుంచి జారి సీసాలోని తేనెలో కలిసే తేనె, జామ్‌లో మునిగి చచ్చే కందిరీగ ఆయన చూపించిన దృశ్యాలు.

1956లో హేజెల్ బార్న్స్ ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. విస్క్యూకు విస్కస్ అన్న మాట సిద్ధంగా ఉంది, ధాతువు కూడా ఒకటే. కానీ అది ప్రయోగశాల మాట, ఒంటికి తగలదు. స్టికీ ఉంది. ఆమె స్లైమీ ఎంచుకుంది. కొన్నిచోట్ల స్టికీయే దగ్గరగా వస్తుందని, అయినా మనిషి గుణానికి అన్వయించేటప్పటి అర్థం రెండు భాషల్లోనూ కలుస్తోంది కాబట్టి అంతటా స్లైమీనే వాడానని పుట కింద వివరించింది కూడా. ఆ మాట నిజం. పైకి వినయంగా ఉండి లోపల ఎక్కడా చేతికి దొరకని మనిషిని ఇంగ్లీషువాళ్ళు స్లైమీ అంటారు, స్టికీ అనరు. సార్త్ర్ వాదమంతా వస్తుగుణం మనిషి గుణంగా ఎలా మారుతుందన్నదే కాబట్టి ఆమె లెక్క వాదానికి సరిపోయింది. తేనెకు మాత్రం సరిపోలేదు. తేనెను స్లైమీ అంటే నాలుక ఒప్పుకోదు. పదేళ్ళ తరువాత, 1966లో, మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ శౌచం, మైల అన్న ఊహల మీద రాసిన ప్యూరిటీ అండ్ డేంజర్‌లో ఈ సార్త్ర్ భాగాన్నే తిరిగి చెబుతూ స్టికీనెస్, విస్కస్ అన్న మాటలు వాడింది. ఆమె పేజీలో తేనె మళ్ళీ తేనెలా ఉంటుంది. వేలికి నిజమైన మాటా, శీలానికి నిజమైన మాటా వేరయినప్పుడు ఒకటి వదులుకోవాలి. బార్న్స్ ఏది వదులుకుంటోందో తెలిసి, ఆ సంగతి పాఠకుడికి చెప్పి మరీ వదులుకుంది. అనువాదకుల నిజాయితీకి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

స్లైమీ అన్న మాటను విడిచిపెట్టడమే కథ మలుపైన ఒక కవిత కూడా ఉంది. కోల్‌రిడ్జ్ 1798లో ప్రచురించిన ముసలి నావికుడి గాథ. ఆ నావికుడు ఆల్బట్రాస్ పక్షిని ఊరకే బాణంతో కొట్టి చంపుతాడు. గాలి ఆగి ఓడ సముద్రం మధ్య నిలిచిపోతుంది. దాహంతో అల్లాడుతూ చూస్తే సముద్రమంతా స్లైమీగా, దాని మీద పాకే కాళ్ళున్న జీవాలు స్లైమీగా కనిపిస్తాయి. తోటివాళ్ళంతా చచ్చిపోయాక, తనతోపాటు బతికున్నవి ఆ స్లైమీ జీవాలేనని ఏవగించుకుంటాడు. తరువాత ఒక రాత్రి వెన్నెల్లో ఓడ నీడ పక్కన నీటిపాములు కదులుతుంటే చూస్తాడు. ఆ చోట కవి వాడిన మాటలు గ్లాసీ, వెల్వెట్. ఒకటి మెరిసే నునుపు, ఇంకొకటి మఖమల్ మెత్తన. చూస్తున్నవీ సముద్ర జీవాలే, వాటి ఒంటి మీద ఉన్నదీ ఆ తడే. అనుకోకుండా వాటిని మనసారా దీవిస్తాడు. దాన్ని చంపినందుకు తోటివాళ్ళు అతని మెడలో వేలాడదీసిన పక్షి కళేబరం ఊడిపడుతుంది. ఈ కవిత గురించి పాపం, ప్రాయశ్చిత్తం అంటూ ఎంతో రాశారు. అంతకుముందే ఒక విశేషణం మారిందన్నది నాకు ఇష్టమైన విషయం. దీవెన కన్నా ముందు అతని చూపు స్లైమీ దగ్గర ఆగకుండా ముందుకు వెళ్ళింది.

ఈ మాటల్లో చాలా వాటికి మొదట్లో స్ల అన్న శబ్దం ఎందుకుందన్నది పాత ప్రశ్న. స్లైమ్, స్లిప్, స్లష్, స్లడ్జ్, స్లగ్, స్లాబర్. ఇలా ఒక శబ్దం చుట్టూ ఒకే రకం అర్థాలు పోగుపడటాన్ని గమనించి, 1930లో దానికి ఫొనెస్థీమ్ అని పేరుపెట్టిన పండితుడు జె.ఆర్. ఫర్త్. ఆయన లాహోరులో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేశాడు. తరువాత 1937లో మళ్ళీ భారతదేశం వచ్చి గుజరాతీతోపాటు తెలుగును కూడా అధ్యయనం చేశాడు. మన జ తో మొదలయ్యే జిగురు, జిగట, జిడ్డు, జారుడు, జొల్లు, జావ ఆయన చెవిన వరసగా పడి ఉంటే ఏమనుకునేవాడో అని అప్పుడప్పుడు ఊహిస్తుంటాను. శబ్దంలోనే అర్థం దాగుందని ఆయన అనలేదు. ఒక భాష మాట్లాడేవాళ్ళు వాడి వాడి ఆ శబ్దానికి ఆ అలవాటు చేస్తారన్నాడు. అది సమంజసంగా ఉంది. జ తోనే జాజి, జాబిలి కూడా ఉన్నాయి. జపానీయులు ఈ దారిలో చాలా దూరం వెళ్ళారు. తినే వస్తువు నోటికి ఎలా తగులుతుందో చెప్పే మాటలు ఆ భాషలో 400కు పైగా లెక్కతేలాయి, వాటిలో జంట శబ్దాలు ఎన్నో. పులియబెట్టిన సోయా గింజల నాట్టో తీగలు సాగుతుంటే నెబానెబా అని ఇష్టంగా చెబుతారు. మన బెండకాయ అక్కడ కూడా నెబానెబాయే. ఇంగ్లీషులో స్లైమీ అని తోసెయ్యబడిన కాయకు ఆ దేశంలో మంచి పేరుంది.

శబ్దమే అసహ్యం పుట్టిస్తుందా అన్నదానికి ఇంగ్లీషులో ఒక విచిత్రమైన సాక్ష్యం మాయిస్ట్. కొంచెం తడిగా ఉన్నది అని తప్ప ఆ మాటకు వేరే అర్థం లేదు, ఎండిపోని కేకుకు అది పొగడ్త కూడా. అయినా ఆ మాట వింటేనే ఒళ్ళు ముడుచుకునేవాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు. ఓబర్లిన్ కాలేజీలో పాల్ థిబడో దీని మీద ప్రయోగాలు చేసి 2016లో ప్రచురించాడు. అయిదుగురిలో ఒకరికి దగ్గరగా ఆ మాట పడదని తేలింది. వాళ్ళలో చాలామంది శబ్దమే బాగోదని కారణం చెప్పారు. కానీ అదే శబ్దమున్న హాయిస్ట్, ఫాయిస్ట్ లాంటి మాటలంటే వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. ఒంట్లోంచి వచ్చే ద్రవాల పేర్లు పడనివాళ్ళకే ఇదీ పడదు. అంటే ఆ చిన్న మాట వాళ్ళను తడిసిన కేకు దగ్గరికి కాకుండా తడిసిన ఒంటి దగ్గరికి తీసుకెళుతోంది.

ఒంటి తడి అనగానే క్లామీ గుర్తొస్తుంది. ఈ గుంపులో నేను ఎక్కువ గౌరవించే మాట ఇదే. పాత ఇంగ్లీషులో మట్టి పులమడం, మెత్తడం అన్న అర్థమున్న ధాతువుకు ఇది చుట్టం. డ్యాంప్ అంటే చెమ్మ. స్వెటీ అంటే చెమట. క్లామీలో చెమ్మతోపాటు చల్లదనం ఉంది, కొద్దిగా అంటుకునే గుణం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా అది తాకుతున్నది చర్మమన్న స్పృహ ఉంది. ప్రథమ చికిత్స పుస్తకాల్లో షాక్ లక్షణాలు చెప్పేచోట పాలిపోయిన, చల్లని, క్లామీ చర్మం అని రాసి ఉంటుంది. రక్తం బాగా పోయినప్పుడో, గుండె బలంగా కొట్టలేనప్పుడో శరీరం చర్మానికి వెళ్ళే రక్తనాళాలను బిగించి ఉన్న రక్తాన్ని లోపలి అవయవాలకు మళ్ళిస్తుంది. అందుకే చర్మం చల్లబడుతుంది. అదే అలజడి చెమట గ్రంథులను కూడా తెరుస్తుంది. వేడెక్కి పట్టే చెమట చల్లబరచడానికి, ఇది అందుకు పట్టింది కాదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నుదుటి మీద చెయ్యి వేసి చూసి చల్లని చెమటలు పడుతున్నాయని కంగారుపడేది ఈ తేడా తెలిసే. జ్వరం తగ్గుతూ పట్టిన చెమటయితే ఊరట. ముంజేతి మీద చెయ్యి వేసిన నర్సు స్వెటీ అని రాసిందా, క్లామీ అని రాసిందా అన్నదాన్ని బట్టి డాక్టరు అడుగు వేగం మారవచ్చు. ముట్టుకోవడానికి ఇబ్బందిగా ఉన్నదాన్ని ఇంత కచ్చితంగా చెప్పే మాట ఒకటుండటం ఆ భాషకు అదృష్టం.

అనుకున్నదొకటి, తగిలింది మరొకటి అయినప్పుడు పుట్టే అసహ్యాన్ని డార్విన్ తన కళ్ళతో చూశాడు. మనుషులూ జంతువులూ భావాలను ముఖంలో ఎలా చూపిస్తాయో చెబుతూ 1872లో రాసిన పుస్తకంలో ఆ సంగతి ఉంది. దక్షిణ అమెరికా కొసన టియెరా డెల్ ఫ్యూగోలో విడిది చేసినప్పుడు డార్విన్ నిలవ ఉంచిన చల్లని మాంసం తింటున్నాడు. అక్కడి మనిషి ఒకడు దాన్ని వేలితో తాకి, ఆ మెత్తదనానికి తీవ్రంగా ఏవగించుకున్నాడు. తన తిండిని ఆ మనిషి ముట్టుకున్నందుకు డార్విన్ కూడా అంతే ఏవగించుకున్నాడు, ఆ చేతులు మురికిగా లేకపోయినా. ఇద్దరి మధ్య ఉన్నది ఒకటే ముక్క. ఆ మనిషి తన భాషలో ఏమన్నాడో డార్విన్ రాయలేదు. ముఖం చూసి సాఫ్ట్‌నెస్ అన్న మాట తానే పెట్టాడు. అంత తీవ్రమైన ఏవగింపుకు అంత సాధు మాటా అని నాకు వెలితిగా ఉంటుంది. మాంసం అంటే నారగా, వెచ్చగా, పంటికి ఎదురుతిరిగేదిగా తెలిసినవాడి వేలికి అది మరేదో అయి తగిలి ఉంటుంది. ఆ మరేదో ఏమిటన్నది అతని భాషతోనే పోయింది.

తిండి విషయంలో ఈ ఎదురుచూపుల సంగతిని శాస్త్రంగా పట్టుకున్నది అలీనా సెస్నియాక్. పోలండులో పుట్టి అమెరికాలో జనరల్ ఫుడ్స్ కంపెనీలో పనిచేసిన ఆమె, 1963లో నోటికి తగిలే గుణాలను విడివిడిగా వర్గీకరించి కొలిచే పద్ధతి ఇచ్చింది. గట్టిదనానికి క్రీమ్ చీజ్ నుంచి పటికబెల్లం వరకు ఒక నిచ్చెన, అతుక్కునే గుణానికి వనస్పతి నుంచి వేరుశనగ వెన్న వరకు ఇంకొకటి. రుచి చూసేవాళ్ళకు ముందు ఈ నిచ్చెనలు నేర్పించి, ఆ తరువాత కొత్త పదార్థాన్ని నోట్లో పెట్టించేవారు. తింటున్నదాని పొంకం సరిగా ఉన్నంతకాలం ఎవరికీ దాని ఊసే ఉండదని, చెడినప్పుడు అదే మొదటి ఫిర్యాదవుతుందని ఆమె పరిశోధనల్లో తేలింది. సాగీ, మషీ రెండూ అలాంటి ఫిర్యాదుల్లో వినిపించే మాటలు. సాగీ అనాలంటే ఆ వస్తువు ఒకప్పుడు కరకరలాడి ఉండాలి, నీళ్ళు పీల్చుకుని చెడి ఉండాలి. మషీకి అలాంటి గతం అక్కర్లేదు, ఆకారం చెదిరి ముద్దయితే చాలు. అప్పడం మెత్తబడితే సాగీ, అన్నం చిమిడిపోతే మషీ. ఇడ్లీ మెత్తగా ఉందంటే మెప్పు, అప్పడం మెత్తబడిందంటే దిగులు, మనం రెండుచోట్లా మెత్తనే అంటాం, వినేవాడు ఏ వస్తువో చూసి అర్థం చేసుకుంటాడు. ఇంగ్లీషు ఆ పని వినేవాడికి వదలకుండా మాటలోనే పెట్టుకుంది. ఉత్తర ఇంగ్లండులో చేపల వేపుడు పక్కన వడ్డించే బఠాణీ ముద్ద పేరే మషీ పీస్, అక్కడ మాత్రం ఆ మాట ఆకలి పుట్టిస్తుంది.

గ్రిటీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఆకుకూరలో ఇసుక పంటికి తగిలినవాళ్ళందరికీ తెలుసు. నేలను పరీక్షించేవాళ్ళు మాత్రం ఈ మాటలను ఎంతో మర్యాదగా వాడతారు. తడిమట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, గరగరలాడితే ఇసుక, పిండిలా నున్నగా ఉంటే ఒండ్రు, వేలిని పట్టుకుంటే బంకమన్ను అని తేల్చుకుంటారు. వానకు చెప్పులు వదలని మన నల్లరేగడిని ఇంగ్లీషు పుస్తకాల్లో రెగర్ అంటారు. ఆ మాట తెలుగు రేగడి నుంచే వచ్చిందని భూగోళ పాఠాల్లో చదువుకున్నాం.

ఇన్ని చెప్పుకున్నాక, ఈ మాటల ఎంపిక ప్రాణం మీదికి వచ్చే చోటు ఒకటుంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో, వణుకుడు జబ్బు ముదిరినవాళ్ళలో, మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్ళలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. దీన్ని డిస్ఫేజియా అంటారు. మంచినీళ్ళు వాళ్ళలో కొందరికి అన్నిటికన్నా ప్రమాదం. పలుచగా, వేగంగా జారి, శ్వాసనాళం మూసుకునేలోగా ఊపిరితిత్తుల దారి పడతాయి. అందుకని నీళ్ళను చిక్కబరిచి ఇస్తారు. ఎంత చిక్కగా అన్నది మాటల్లో చెప్పాలి. అమెరికాలో 2002లో వచ్చిన పద్ధతిలో పండ్లరసంలా చిక్కన అని ఒక మెట్టు, తేనెలా చిక్కన అని ఇంకో మెట్టు ఉండేవి. సార్త్ర్‌ను భయపెట్టిన తేనె ఇక్కడ కొలత అయింది. కానీ ఏ తేనె? చలికాలపు తేనె, ఎండలో పెట్టిన తేనె ఒకేలా జారవు. ఒక ఆసుపత్రిలో తేనె అన్నది ఇంకో ఆసుపత్రిలో వేరేగా తయారయ్యేది. ఒక్కో దేశంలో ఒక్కో పేరు.

2010ల్లో రూపొందిన అంతర్జాతీయ పద్ధతి, ఐడిడిఎస్ఐ అంటారు, ఆ ఉపమానాలు తీసేసి 0 నుంచి 7 వరకు అంకెలు పెట్టింది. 10 మిల్లీలీటర్ల సిరంజిలో ద్రవం పోసి, 10 సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూస్తారు. ఏమీ మిగలకపోతే 0. 4 నుంచి 8 మిల్లీలీటర్లు మిగిలితే 2. మెత్తని గుజ్జు 4వ మెట్టు. దాన్ని చెంచాలో తీసి వంచితే ముద్దగా ఒక్కసారే జారిపడాలి, చెంచాకు అంటుకుని ఉండిపోకూడదు. చిక్కగా ఉండవచ్చు, స్టికీగా మాత్రం ఉండకూడదు. మామూలు మాటల్లో పక్కపక్కనే ఉండే ఈ రెంటి మధ్య ఇక్కడ ఒక మనిషి గొంతు ఉంది. చిక్కనిది నెమ్మదిగా దిగుతుంది, అతుక్కునేది గొంతులో నిలిచిపోతుంది. 6వ మెట్టులో ముక్కలు మెత్తగా ఉన్నాయో లేదో ఫోర్కుతో నొక్కి చూస్తారు. నొక్కే బొటనవేలి గోరు తెల్లబడేంత బలానికి ముక్క నలగాలి. మింగేటప్పుడు నాలుక పెట్టే ఒత్తిడి సుమారుగా అంతేనట. ఎంత ప్రేమగా ఆలోచించారో అనిపిస్తుంది. యంత్రం లేని ఇంట్లో కూడా ఒక చెంచా, ఒక ఫోర్కు, ఒక గోరు ఉంటాయి.

అంకెలు వచ్చినంత మాత్రాన మాటల అవసరం తీరలేదు. చిక్కబరిచిన నీళ్ళు తాగడానికి చాలామంది రోగులు ఇష్టపడరు. గ్లాసు పక్కకు నెట్టేస్తారు, దాహంతోనే ఉంటారు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అంకె 2 అయినా ఆ గ్లాసులో నోటికి తగిలేది ఒకటే కాదు. పిండిపదార్థంతో చిక్కబరిచిన నీళ్ళు బరకగా తగులుతాయి, ఇంగ్లీషులో గ్రెయినీ. పైగా ఉంచేకొద్దీ ఇంకా చిక్కబడతాయి, నోట్లో లాలాజలం తగలగానే పలుచబడతాయి. జాంథన్ గమ్‌తో చిక్కబరిచినవి బరకగా ఉండవు, నున్నగా జారుతూ నోట్లో పొరలా మిగులుతాయి. కొందరికి అది స్లిక్, కొందరికి స్లైమీ. రోగి బాగోలేదు అని మాత్రమే అంటే చేసిపెట్టేవాళ్ళు ఏం చెయ్యగలరు? ఇంకాసిన్ని నీళ్ళు కలిపితే ప్రమాదం, ఇంకాస్త పొడి వేస్తే ఇంకా తాగరు. బరకగా ఉందంటే పొడి మార్చి గమ్ డబ్బా తెస్తారు. జిగటగా జారుతోందంటే అటునుంచి ఇటు మారుస్తారు. చల్లగా ఇచ్చి చూస్తారు, పండ్లరసంలో కలిపి చూస్తారు.

పక్షవాతం చాలాసార్లు మింగే శక్తితోపాటు మాటను కూడా తీసుకుపోతుంది. అప్పుడు ఆ మాట పక్కనున్నవాళ్ళు వెతకాలి. ఇచ్చేముందు తామే ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా ఒక క్షణం ఉంచుకుని, నాలుకతో అంగిలికి రాసి చూడాలి. బరకా, జిగటా, బంకా? తేలాక మంచం మీది మనిషిని ఆ రెండు మూడు మాటల్లోనే, ఒక్కొక్కటిగా, తల ఊపడానికి వీలుగా అడగాలి.